పొద్దుగూకే లోపు ముగియాల్సిన నాటకం

మా చిన్నప్పుడు బడి వార్షికోత్సవం పట్టపగలే జరిగేది... మధ్యాహ్నం అన్నాలు తిని కూర్చుంటే, పొద్దుగూకే లోపు అంతా అయిపోవాలి. దుమ్ముగూడెం దాటాక అడవి అంచున ఉన్న ఊరు మాది. చీకటి పడ్డాక ఎవరూ గడప దాటేవారు కాదు. రాత్రిళ్లు అడవిలోని అన్నలు వచ్చి అన్నం పెట్టమనేవారు... తెల్లారితే పోలీసులు వచ్చి ఎందుకు పెట్టారని అడిగేవారు. మా పెద్దవాళ్లు ఇద్దరికీ తలూపి, ఇద్దరికీ భయపడుతూ బతికారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా తల్లాడ వైపు నుంచి కొత్త తెలుగు సారు వచ్చారు. ఆయనకు నాటకాల పిచ్చి. టేకు దుంగలు కొట్టుకెళ్లే దొంగను ఇన్‌స్పెక్టర్ పట్టుకునే కథ తానే రాసి, మాకు వేషాలు పంచారు. దొంగ వేషం మా క్లాసు ముత్తయ్యకు. ఇన్‌స్పెక్టర్ వేషం... నాకు! ఆడపిల్లనైతేనేం, క్లాసులో అందరికంటే పొడుగు నేనే. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు.

బడి వదిలాక వరండాలో రిహార్సల్స్... "కదిలితే కాల్చేస్తా!" అని నేను చెక్క తుపాకీ ఎత్తితే, సారు నోటితో "ఢాం!" అనేవారు. ముత్తయ్య చేతులెత్తి లొంగిపోవాలి. వాడికేమో నవ్వు ఆగేది కాదు, వాణ్ని చూసి మాకూ ఆగేది కాదు.

ఆ నవ్వులన్నీ ఖాకీ బట్టలు వచ్చేదాకే.

సారు ఖమ్మం నుంచి కిరాయికి తెచ్చి, కొలత సరిచూసుకొమ్మని నాకిచ్చారు. నేను మురిసిపోతూ సంచిలో పెట్టుకొని ఇంటికి తీసుకెళ్లాను. అమ్మ సంచి విప్పి చూసింది... ముఖంలో నెత్తురు చుక్క లేదు. గబగబా తలుపు మూసింది.

"ఏంది బిడ్డా గిది? దారిల ఎవరన్న చూసిండ్రా?"

"నాటకానికే అమ్మా..."

"నాటకమని నీకెరుక, నాకెరుక. చెట్లల్ల ఉన్నోళ్లకు ఎరుకనా? దూరంకెల్లి చూస్తే ఖాకీయే కనవడ్తది. నువ్వు కనవడవే!"

ఆ బట్టల్ని బియ్యం డబ్బా వెనక కుక్కింది. కుక్క మొరిగినప్పుడల్లా లేచి కూర్చుంది. తెల్లవారగానే వాటిని మళ్లీ సంచిలో పెట్టి, పైన ఆకుకూర కట్టలు పేర్చుకొని, తానే బడికి వచ్చింది.

"మా పిల్లకు ఇంకేదన్న వేషం ఇయ్యున్రి సారూ."

సారు నవ్వారు. "పిల్లల నాటకమే కదమ్మా... ఎవరేం చేస్తారు? భయపడకండి."

"మీరొచ్చి ఆర్నెల్లు కూడ కాలే సారూ..." అంది అమ్మ.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. బట్టలు బడిలోనే ఉంటాయి. తెర వెనకే తొడుక్కోవాలి, నాటకం అవగానే అక్కడే విప్పేయాలి. అమ్మ అలాగే అని వెళ్లిపోయింది గానీ, ఆమె భయం మాత్రం నాకు అంటుకుంది. ఆ రోజు నుంచి డైలాగు చెబుతున్నా నా చూపు గోడ అవతలి చెట్ల మీదే... అక్కడ ఆకు కదిలితే ఇక్కడ నాకు మాట తడబడేది.

వార్షికోత్సవం రోజు రానే వచ్చింది. షామియానా కింద పరిచిన పట్టాల మీద ఊరంతా కూర్చున్నారు. నేను తెర దాటి రాగానే మాటలన్నీ ఆగిపోయాయి. రోజూ నన్ను తాడిచెట్టు అని ఏడిపించే ముందు వరుసలోని తాత బీడీ ఆర్పేసి, కాళ్లు దగ్గరికి ముడుచుకున్నాడు. 'తాతా, నేనే!' అని అరవాలనిపించింది. ముత్తయ్య కూడా ఆ రోజు నవ్వలేదు. ఎలాగోలా ఆఖరి డైలాగు దాకా వచ్చాను.

"కదిలితే కాల్చేస్తా!"

ఢాం!

నోటితో కాదు... నిజంగానే! చెవులు గింగురుమన్నాయి. నన్నే కాల్చారనుకొని గుండె తడుముకున్నాను.

ఒక్కరు కూడా అరవలేదు. అదే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరించే సంగతి. చూస్తుండగానే ఊరంతా నేలకు కరుచుకుపోయింది. తల్లులు పిల్లల మీద బోర్లా పడుకొని, చంటిపిల్లల నోళ్లు అరచేత్తో మూశారు. ముత్తయ్య స్టేజీ మీదే తలపై చేతులు పెట్టుకొని బోర్లా పడ్డాడు. అలా పడమని వాడికి సారు నేర్పలేదు. నిలబడి ఉన్నది నేనొక్కదాన్నే... ఖాకీ బట్టల్లో.

ఆ పడుకున్న మనుషుల మధ్య నుంచి అమ్మ వంగి పరుగెత్తుకొచ్చింది. నాకేమైనా తగిలిందా అని కూడా చూడలేదు. చొక్కా పట్టుకొని లాగింది.

"ఇప్పు! జల్దీ ఇప్పవే!"

గుండీలు తెగి ఎగిరిపోయాయి. చొక్కాను అవతల పడేసి, నన్ను కింద పడదోసి, కొంగు కప్పి నా మీద పడుకుంది. ఆమె గుండె దడదడ నా వీపుకు తెలుస్తోంది.

అప్పుడు తెర వెనక నుంచి సారు వచ్చారు, చేతిలో వెలుగుతున్న అగరుబత్తితో. "దీపావళి బాంబమ్మా... మీరంతా సంబరపడతారనుకున్నా..." అన్నారు.

ఎవరూ ఆయన్ని తిట్టలేదు. దుమ్ము దులుపుకొని, పిల్లల్ని చంకనేసుకొని ఇళ్లకు వెళ్లిపోయారు. ఖాళీ పట్టాల మధ్య కూర్చొని సారు చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్లూ మాతో కోలాటాలే వేయించారు.

ఇప్పుడు మా ఊళ్లో ఆ భయం లేదు. తారురోడ్డు వచ్చింది, వీధి దీపాలు వచ్చాయి... వార్షికోత్సవం దీపాలు పెట్టాకే మొదలవుతోంది. మొన్న అమ్మను వెంటబెట్టుకొని వెళ్లాను. పిల్లలు సైనికుల వేషాలు వేశారు. స్పీకర్లలో తుపాకుల మోత... చుట్టూ ఈలలు, కేకలు, పైకెత్తిన ఫోన్లు.

నా పక్కన కూర్చున్న అమ్మ చెయ్యి నా మెడ మీద పడింది. నన్ను కిందికి వంచింది. నేనూ వంగాను... మోత ఆగేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం.

మీరూ చిన్నప్పుడు బడిలో నాటకాలు వేసే ఉంటారు కదా... చప్పట్లతో ముగిసినవి ఉంటే కింద రాయండి. నాకు అవి చదవాలనుంది.