అక్క పెట్టిన కొవ్వు

మా ఇళ్లల్లో ఎవరైనా దయ్యాల ముచ్చట మొదలుపెడితే అందరికంటే ముందు నవ్వేది నేనే. నాచారంలో మేమిప్పుడుంటున్న ఇంట్లో మాకంటే ముందు ఒక పెద్దాయన పోయారనీ, అందుకే ఎవరూ అద్దెకు రావట్లేదనీ బ్రోకరు గొంతు తగ్గించి చెబితే, నీళ్లు సరిగ్గా వస్తాయా అని మాత్రమే అడిగాను. ఆ పెద్దాయన మమ్మల్ని ఇంతవరకూ ఏమీ అనలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి నన్ను భయస్తురాలనుకోకండి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

నాకు యాభై ఎనిమిదేళ్లు. ఇంట్లో నుంచే చీరలు అమ్ముతాను. సాయంత్రం పూట ఫోను స్టాండుకు బిగించి లైవ్ పెడతాను. అందులో నా మొహం కనిపించదు. చీర, దాని మీద నా రెండు చేతులు, వెనక నా గొంతు. ఒకరోజు పట్టుచీర కొంగు పరిచి చూపిస్తుంటే ఎవరో అమ్మాయి కింద కామెంట్ పెట్టింది. "చీర సూపర్ ఆంటీ, చేతులే మా నాయనమ్మ చేతుల్లెక్కున్నయ్." దాని కింద వరసగా నవ్వు బొమ్మలు.

నేనూ నవ్వేసి పక్క చీర తీశాను. లైవ్ అయ్యాక మాత్రం ట్యూబులైటు కింద నిలబడి చేతులు చూసుకున్నాను. నరాలు తేలి, ఎముకల మధ్య గుంటలు పడి, ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేమీ లేదు. జుట్టుకు రంగేస్తే సరిపోతుంది, మొహానికి ఏదో ఒకటి రాసుకోవచ్చు. చేతుల్ని ఎక్కడ దాచను? ఒళ్లు మండిపోయింది.

హబ్సిగూడ నుంచి ఉప్పల్ వెళ్లే రోడ్డులో ఒక క్లినిక్కుంది. అక్కడి డాక్టరమ్మ నాకు కూతురి వయసుది. ఓపిగ్గా చెప్పింది. పొట్ట దగ్గర కొంచెం కొవ్వు తీస్తారట. దాన్ని శుభ్రం చేసి, సన్నని గొట్టంతో చేతి వెనక చర్మం కింద పెడతారట. "బయటి మందేమీ కాదాంటీ, మీ కొవ్వే మీకు" అంది.

మా ఆయన మాత్రం వినగానే పకపకా నవ్వాడు. "గ్లవుజులేస్కోరాదే! గింత దానికి కోతలెందుకు?"

కొవ్వు అనగానే నాకు అక్క గుర్తొచ్చింది. మా అమ్మ నా చిన్నతనంలోనే పోతే, నాకంటే చాలా పెద్దదైన అక్కే నన్ను పెంచింది. పెళ్లయ్యాక ఇద్దరం నాచారంలోనే రెండు వీధుల ఎడంలో కాపురాలు పెట్టాం. అయినా ఆవిడ డబ్బాలు పంపడం ఆపలేదు. నెయ్యి వేసి కలిపిన పప్పన్నం, సర్వపిండి, మలీద ముద్దలు. నేను లావవుతున్నానని మొత్తుకుంటే నడుం గిల్లి, "గీ కొవ్వంత నేను పెట్టిందేనే. దాసిపెట్టుకో, ఎప్పటికన్న పనికొస్తది" అనేది.

అక్క కిందటేడాదికి ముందటేడు పోయింది. చివరి రోజులు ఐసీయూలో, నోట్లో గొట్టంతో గడిచాయి. లోపలికి ఒక్కరినే పంపేవారు. అక్క కూతురు లావణ్యే వెళ్లేది. నేను బయట కుర్చీలో కూర్చునేదాన్ని. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

క్లినిక్కులో పని పెద్ద నొప్పి లేకుండానే అయిపోయింది. చేతులకు పట్టీలు చుట్టి ఇంటికి పంపారు. వాపు తగ్గేదాకా రెండు దిండ్ల మీద చేతులు ఎత్తిపెట్టుకుని పడుకోమన్నారు. వానాకాలం. మధ్యాహ్నాలు కిటికీ బయట సన్నగా తుంపర, గదంతా బూడిదరంగు వెలుతురు. నిద్రా కాదు, మెలకువా కాదు. తీసుకున్న మాత్రల మగత కూడా ఉండేదని ఒప్పుకుంటాను.

అలా పడుకుని ఉన్నప్పుడు ఒక చప్పుడు వినిపించేది. స్టీలు మీద స్టీలు తగిలినట్టు రెండుసార్లు, ఠంగ్, ఠంగ్. తర్వాత నీళ్లు ధారగా పడే శబ్దం. పైవాళ్ల బాత్‌రూమనుకున్నాను. మా పైన డాబానే గాని ఇల్లు లేదని తర్వాత తట్టింది. ఇంకొకటి, పట్టీల నుంచి శనగపిండి, పసుపు, సాంబ్రాణి కలిసిన వాసన వచ్చేది. మా ఆయన్ని వాసన చూడమన్నాను. ముక్కు దగ్గర పెట్టుకుని, "స్పిరిట్ వాసనొస్తుంది" అన్నాడు. సరే, నా ముక్కుదే పొరపాటనుకున్నాను.

పట్టీలు విప్పి, వాపు దిగాక చేతులు నిజంగానే నిండుగా వచ్చాయి. నరాలు లోపలికి పోయాయి. వేళ్ల మొదట్లో కణుపుల దగ్గర చిన్న చిన్న సొట్టలు కూడా పడ్డాయి. నేను వయసులో ఉన్నప్పుడు కూడా నా చేతులు అలా లేవు. ఎప్పుడూ పుల్లల్లాగే ఉండేవి. టీ గ్లాసు అందిస్తుంటే మా ఆయన గ్లాసు తీసుకోకుండా నా చేతి వంకే చూశాడు. ఈసారి నవ్వలేదు.

"గివి మీ అక్క చేతులే" అన్నాడు.

ఆ మాట నిజం. అక్క చేతులు అంత బొద్దుగానూ, అవే సొట్టలతోనూ ఉండేవి. కాలనీలో ఎవరికి పిల్ల పుట్టినా నీళ్లు పోయడానికి అక్కనే పిలిచేవారు. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, పిల్లను కాళ్ల మీద వేసుకుని నూనె రాసి నీళ్లు పోసేది. నేను అటువైపు వెళ్లేదాన్ని కాదు. నాకు పిల్లలు లేరు. ఇప్పుడు ఆ బాధ లేదని చెప్పుకుంటాను గాని, అప్పట్లో ఎవరింట్లోనైనా నీళ్లు కాగుతుంటే ఏదో పని చెప్పుకుని బయటపడేదాన్ని. జీవితంలో ఒక్క పసిబిడ్డకు కూడా నేను స్నానం చేయించలేదు.

ఆ రోజుల్లోనే లావణ్యకు ఆడపిల్ల పుట్టింది. ఉప్పల్‌లో ఉంటారు. వాళ్లాయన నరేశ్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తాడు. బిడ్డ బాగానే ఉంది, లావణ్యే బాగాలేదు. నిద్రపోదు, తినదు, గోడ వంక చూస్తూ కూర్చుంటుంది. కాన్పు చేసిన డాక్టరు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని చెప్పి మందులు రాసింది. అవి ఇంకా పని చేయడం మొదలుపెట్టలేదు. ఇంతలో నీళ్లు పోసే ఆమె బోనాలకని తల్లిగారింటికి వెళ్లిపోయింది. లావణ్య అత్తగారు మోకాళ్లతో కింద కూర్చోలేరు.

ఒక పొద్దున నరేశ్ ఫోన్ చేశాడు. "అత్తమ్మా, మీరొక్కసారి రండి. లావణ్య నిన్నటి సంది పాపను ముట్టుకుంటలేదు."

ఆటోలో ఉప్పల్ వెళ్లేసరికి బిడ్డ నరేశ్ చేతుల్లో గుక్కపట్టి ఏడుస్తోంది. లావణ్య మంచం మీద ఒక మూలకు ముడుచుకుని ఉంది. నన్ను చూసి అంది, "దీన్ని నువ్వు తీస్కపో చిన్నమ్మా. నాతోని కాదు. ఎత్తుకుంటె నా చేతుల నుంచి జారిపోతదనిపిస్తుంది. ఏదన్న అయితదేమో." ఏడవకుండా, మామూలు గొంతుతో అంది. తల్లి లేని పిల్ల. ఆ తల్లి ఉంటే ఏం చేసేదో నాకు తెలియదు.

బిడ్డకు ఒళ్లంతా చెమట, పాల జిడ్డు. వేడినీళ్లు పెట్టమని నరేశ్‌కు చెప్పాను. నా చేతుల్ని ఇంకొన్నాళ్లు వేడినీళ్లలో పెట్టొద్దని క్లినిక్కు డాక్టరమ్మ చెప్పింది గాని అప్పుడదేమీ గుర్తు లేదు. బాత్‌రూములో పీట మీద కూర్చుని కాళ్లు చాపాను. బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టాను. పైన వెంటిలేటరులోంచి ఎండ పడుతోంది, ఆవిరంతా తెల్లగా లేస్తోంది. తర్వాత ఏం చేయాలా అని ఆలోచిస్తున్నాను. చేతులు నా కోసం ఆగలేదు.

మోచేయి బకెట్టులో మునిగి తేలింది. ఎడంచెయ్యి పోయి చన్నీళ్ల కుళాయి తిప్పింది. బొటనవేళ్లు నూనెతో బిడ్డ గుండె మీది నుంచి భుజాలకు, భుజాల నుంచి అరచేతులకు జారాయి. నేను చూస్తూ కూర్చున్నాను. ఎవరో పనిచేస్తుంటే పక్కన కూర్చుని చూసినట్టే ఉంది. భయం వేయాల్సింది, వేయలేదు. ఆ ఆవిరిలో చాలా ఏళ్ల తర్వాత ఎవరో నాకు పని చేసిపెడుతున్నంత హాయిగా ఉంది. కుడిచెయ్యి చెంబు తీసుకుని, నీళ్లు పోయడానికి ముందు బకెట్టు అంచు మీద రెండుసార్లు కొట్టింది. ఠంగ్, ఠంగ్.

నేను మధ్యాహ్నాలు విన్న చప్పుడు అదే. బిడ్డ ఏడుపు ఆపింది.

తల ఎత్తితే తలుపు దగ్గర లావణ్య నిలబడి ఉంది. "అమ్మ గిట్లనే కొట్టేది" అంది. "సెప్పకుండ పోస్తె పిల్ల ఉలిక్కిపడ్తదని."

స్నానమయ్యాక బిడ్డను తుండులో చుట్టి సాంబ్రాణి పొగ చూపించి పడుకోబెట్టాను. మంచం పక్కనే నేల మీద చతికిలబడ్డాను. లావణ్య వచ్చి నా పక్కన కూర్చుని భుజం మీద తల ఆనించింది. నా చెయ్యి లేచి దాని చెవి దగ్గరికి పోయింది. బొటనవేలితో చెవి తమ్మెను మెల్లగా రుద్దడం మొదలుపెట్టింది. నేను ఎవరికీ ఎప్పుడూ అలా చేసి ఎరగను.

లావణ్య ఒక్కసారిగా బిగుసుకుపోయింది. నా వంక తిరిగి, "నీకెవరు సెప్పిన్రు?" అని అడిగింది.

"ఏం చెప్పడం?"

"అమ్మకు నోట్లె గొట్టముండె. మాట్లాడరాలె. నేను మంచం మీద తల పెట్టుకుంటె గిట్లనే చెవి పట్టుకుని రుద్దింది. చిన్నప్పుడు నన్ను పండవెట్టేటప్పుడు రుద్దినట్టు. గదే ఆఖరు. నేనెవ్వరికి సెప్పలె చిన్నమ్మా. నరేశ్‌కు గూడ సెప్పలె."

అప్పుడు ఏడ్చింది. అక్క పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి నా ఒళ్లోనే నిద్రపోయింది. నా కాళ్లు తిమ్మిరెక్కినా కదల్లేదు. లేచాక బిడ్డ కదిలితే, నేను అందుకునేలోపే తానే వంగి ఎత్తుకుంది. జాగ్రత్తగా, మెడ కింద చెయ్యి పెట్టి. నరేశ్ గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. మందుల వల్ల కూడా మెల్లగా తేరుకుంది, కాదనను.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఆటో ఎక్కి ఉప్పల్ వెళ్లేదాన్ని. లావణ్య మొదట పక్కన కూర్చుని చూసేది. తర్వాత నా చేతుల మీద తన చేతులు వేసేది. సాయంత్రం లైవ్‌లో, "ఆంటీ చేతులు మస్తున్నయ్, ఏం క్రీము వాడ్తున్నరు?" అని కామెంట్లు వచ్చేవి. అసలు వీటి కోసమే కదా అంత చేయించుకుంది అని నాకే నవ్వొచ్చేది.

చలి మొదలయ్యేసరికి చేతులు మళ్లీ చిక్కడం మొదలైంది. ముందు సొట్టలు పోయాయి. పెట్టిన కొవ్వులో కొంత ఒంట్లో కలిసిపోతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఒకరోజు బిడ్డను కాళ్ల మీద వేసుకుని చెంబు పట్టుకున్నాను. తర్వాత ఏం చేయాలో తెలియలేదు. చేతులు ఊరికే ఉండిపోయాయి. నీళ్లు ఎంత వేడున్నాయో కూడా అంచనాకు అందలేదు.

"లే చిన్నమ్మా, నేను పోస్త" అంది లావణ్య.

తుండు పట్టుకుని తలుపు బయట నిలబడ్డాను. లోపల చెంబు బకెట్టుకు రెండుసార్లు తగిలింది. బిడ్డ కిలకిలా నవ్వింది. సంతోషించాల్సిన చోట నేను వెక్కి వెక్కి ఏడ్చాను. అక్క రెండోసారి పోయినట్టనిపించింది.

డాక్టరమ్మ మళ్లీ కొంచెం పెడదామంది. ఈసారి తొడల దగ్గర తీస్తానంది. ఆలోచించి చెబుతానన్నాను, ఇంకా చెప్పలేదు. ఇప్పుడు లైవ్‌లో నా చేతులు నా చేతుల్లాగే కనిపిస్తాయి. ఎవరేమన్నా చీర ధర చెప్పి ఊరుకుంటున్నాను.

మా ఆయన దగ్గర అన్నిటికీ సమాధానం ఉంది. "సిన్నప్పుడు నీకు గూడ మీ అక్కే నీళ్లు పోసింది గద, చెంబు సప్పుడు యాదికుండి ఉంటది" అంటాడు. అది నిజమే అయ్యుండొచ్చు. మరి చెవి సంగతి అంటే మాత్రం పేపరు మడతపెట్టి లోపలికి పోతాడు.

మొన్న ఆదివారం ఉప్పల్ వెళ్లాను. భోజనాలయ్యాక బిడ్డ పక్కన కాసేపు నడుం వాల్చాను. దానికిప్పుడు బోర్లా పడి పాకే వయసు. మంచి నిద్రలో ఉంది. కర్టెన్‌లోంచి పల్చటి ఎండ పడుతోంది. నాకూ కళ్లు మూతలు పడుతుండగా, దాని చెయ్యి తడుముకుంటూ వచ్చి నా చెవి తమ్మెను పట్టుకుంది. బొటనవేలితో మెల్లగా రుద్దింది. బొద్దు చెయ్యి, వేళ్ల మొదట్లో సొట్టలు.

పసిపిల్లలందరి చేతులూ అలాగే ఉంటాయనీ, అందరు పిల్లలూ చెవులు పట్టుకుంటారనీ లావణ్య అత్తగారు అన్నారు. అదీ నిజమే. అది దానంతటది వదిలేదాకా మాత్రం కదలకుండా పడుకున్నాను.