మేం దాటించేసిన ప్రార్థన

ఈ ఏడు ముసురు పట్టి వదల్లేదు. అమలాపురంలో మా ఇంట్లో బీరువాలోని దుప్పట్లకి కూడా తేమ వాసన పట్టేసింది. వాటిని తీసి వరండాలో ఆరేస్తుంటే రాజోలు నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. అవీ ఇవీ మాట్లాడి, పెట్టేయబోతూ ఆగి, "అక్కా, నాన్న మొహం కళ్ళకి కడుతుంది గానీ గొంతు గుర్తు రావట్లేదే. ఎంత తలుచుకున్నా రావట్లేదు" అన్నాడు. నా పెళ్ళయిన కొన్నేళ్ళకే నాన్నగారు పోయారు. అప్పటికి వాడింకా హైస్కూలు దాటలేదు. ఆయన గొంతు మిగిలింది ఒక్కచోటే, నా పెళ్ళి వీడియో కాసెట్‌లో. అది మా అత్తయ్యగారి బీరువా పైఅరలో ఉందని తెలుసు. ఈ తేమకి బాగుందో పాడైందో మాత్రం తెలియదు. అయినా "ఉందిరా, వినిపిస్తాను" అని మాటిచ్చేశాను.

మా అత్తయ్యగారికి కాసెట్లూ పచ్చళ్ళూ ఒకటే. తడి చెయ్యి తగలకూడదు, మూత తీసి వదిలేయకూడదు. నేనింకా ఆ ఇంటికి రాకముందు, వీడియో కొన్న తొలి వానాకాలంలో ఒక కాసెట్‌కి తెల్లగా బూజు కనిపించిందట. ఆవిడ ఎండలు ముదిరేదాకా ఓపికపట్టి, డాబా మీద వడియాలు పెట్టిన మంచం మీదే ఒక పక్కగా ఇంట్లో ఉన్న కాసెట్లన్నీ పరిచేశారు. సాయంత్రానికి వడియాలు చక్కగా ఎండాయి, కాసెట్లు వంకర్లు తిరిగాయి. వాటిలో ఆ రోజే అద్దెకి తెచ్చిన సినిమా కూడా ఒకటి. షాపతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటండి, అప్పడంలా అయిపోయింది" అన్నాడని మా మావయ్యగారు చెప్పి చెప్పి నవ్వేవారు. నేను కాపురానికి వచ్చేసరికి ఆ ఇంట్లో కాసెట్లకి ఒక చట్టమే ఉంది. వాన తెరిపిచ్చినప్పుడల్లా వరండాలో నీడపట్టున గాలికి పెట్టాలి. చూడ్డం అయ్యాక మొదటికంటా తిప్పి, పుస్తకంలా నిలబెట్టి దాచాలి. అన్నిటికన్నా గట్టి నియమం ఇంకొకటుంది. ఏదైనా ముక్క వద్దనుకుంటే బొమ్మ కనబడుతుండగా పరిగెత్తించకూడదు, పూర్తిగా ఆపి, అప్పుడు ముందుకి తిప్పాలి. "బొమ్మ మీద పరిగెత్తిస్తే రీలు అరిగిపోద్దమ్మా" అనేవారు. ఈ మాట ఆవిడకి ఎవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు. మాకందరికీ అదో చాదస్తం.

నాన్నగారు బడిపంతులు. నెమ్మదిగా, ఒత్తులు పలికి మరీ మాట్లాడేవారు. ప్రార్థనకి లేచారంటే మా చర్చి సంఘంలో అనుభవమున్నవాళ్ళు గోడకి జారబడేవారు. నా పెళ్ళిలో దీవెన ప్రార్థన ఆయనదే. మా ఇద్దరితో మొదలుపెట్టి, వియ్యాలవారినీ, వంటవాళ్ళనీ, రేవు దాటి వచ్చిన చుట్టాలనీ పేరుపేరునా తలుచుకుని, చివరికి వీడియో తీస్తున్న అబ్బాయి భుజం నొప్పెట్టకుండా చూడమని కూడా దేవుణ్ణి అడిగారు. అక్కడ పందిట్లో బిరియానీ చల్లారిపోయింది. ఆ తర్వాత ఆ కాసెట్ ఎప్పుడు పెట్టినా, నాన్నగారు గొంతు సవరించుకోవడం ఆలస్యం, ఎవరో ఒకరు ఆపి తిప్పేసేవారు. ఆయన మా ఇంటికొచ్చి ఎదురుగా కూర్చున్నప్పుడు మేం మొహమాటపడుతుంటే, "దాటించేయండమ్మా, పర్లేదు. వినవలసినాయన అప్పుడే విన్నాడు" అని ఆయనే నవ్వేవారు. అందరూ కాచుక్కూర్చునేది భోజనాల ముక్క కోసం. అందులో మా పెద్దత్తగారు పూతరేకులు ఒక్కొక్కటే హ్యాండ్‌బ్యాగులోకి జారవిడుస్తూ కెమెరాకి దొరికిపోయారు. అక్కడ మాత్రం పిల్లలు అత్తయ్యగారి చట్టాన్ని గట్టున పెట్టి, వెనక్కీ ముందుకీ లాగి, బొమ్మని ఆపి మరీ చూసేవారు. పెద్దత్తగారే "ఇంకోసారి వెయ్యండర్రా" అని అడిగేవారు.

పాత కాసెట్లని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే షాపు ఊళ్ళో ఒకటుందంటే తీసుకెళ్ళాను. షాపాయన కాసెట్ రేకు ఎత్తి లైటు కింద చూశాడు. "బూజు లేదండి. కానీ బాగా వాడేసేరండి, అరిగిపోయింది. ఎంతొస్తే అంతేనండి."

"ఆయ్, పెట్టండి" అన్నాను. తెర మీద పెళ్ళికూతురిగా నేను చర్చిలోకి వస్తున్నాను, అంటే అది నేనేనని నాకు తెలుసు కాబట్టి తెలిసింది. అంతా గీతలు, వణుకు, పాట నీళ్ళలోంచి వినిపిస్తున్నట్టుంది. ఇంక తమ్ముడికి ఏం చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను. అంతలో నాన్నగారు లేచి నిలబడ్డారు. గీతలు పోయాయి. చొక్కా జేబులో కలంతో సహా నాన్నగారు నిలకడగా కనిపించి, గొంతు సవరించుకున్నారు.

"ఈ ముక్క కొత్తదానిలా ఉందేంటండి?" అన్నాడు షాపాయన.

"దీన్ని మేం ఎప్పుడూ చూడలేదండి" అన్నాను. ఆపి తిప్పమన్న అత్తయ్యగారి చాదస్తమే ఆ ముక్కని అరక్కుండా కాపాడింది. అక్కడికక్కడే తమ్ముడికి ఫోన్ కలిపి, ఆ ముక్కని మళ్ళీ మొదటినుంచి వేయించి స్పీకరు దగ్గర పెట్టాను. "ఆ సవరింపేనే అక్కా, అదేనే" అన్నాడు. నాన్నగారు ఆమేన్ అన్నాక భోజనాలు వచ్చాయి. అక్కడ తెర నిండా బూడిదరంగు గీతలే. పెద్దత్తగారూ లేరు, బ్యాగూ లేదు, పూతరేకులూ లేవు.

సాయంత్రం ఇంట్లో టీవీకి పెట్టాను. నాన్నగారు లేచి నిలబడగానే అలవాటు కొద్దీ నా చెయ్యి రిమోట్ మీదకి పోయింది. అత్తయ్యగారు కుర్చీలోంచే నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"అన్నయ్యగారిని పూర్తిగా చెప్పనియ్యమ్మా. ఇయ్యాల చల్లారిపోయేదేం లేదు కదా" అన్నారు.

చెయ్యి తీసేసి కూర్చున్నాను. వియ్యాలవారూ, వంటవాళ్ళూ, రేవు దాటి వచ్చినవాళ్ళూ, భుజం నొప్పి అబ్బాయీ, ఒక్కరినీ వదలకుండా అందరినీ విన్నాం. ఎంతో పొడుగని ఏళ్ళ తరబడి దాటించేసిన ఆ ప్రార్థన, తీరా కూర్చుని వింటే, ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించేలోపే అయిపోయింది.