తలుపు లోపలి గొంతులు

వీధిలో అందరూ అతన్ని మిక్సీ అంటారు. ఏ ఫోన్లో తీసిన వీడియో అయినా సరే, ఇంట్లో టీవీ పక్కనుండే ప్లేయర్ పెట్టె ఆడించనని మొండికేస్తే జనం అతని దగ్గరికే పట్టుకొస్తారు. అతను కంప్యూటర్లో వేసి, రూపం మార్చి, ఆ పెట్టెకు అరిగేలా చేసి ఇస్తాడు. "ఏం వేసినా రుబ్బేస్తాడు" అంటూ ఆ పేరు పెట్టింది భార్యే. అతని షట్టరు కొట్లోనే ఓ మూల కుట్టు మిషను వేసుకుని ఆమె బట్టలు కుడుతుంది.

అతనికో పట్టింపు ఉంది. మార్చిన ఫైలును ఆడించి చూడకుండా ఎవరికీ ఇవ్వడు. జనం పారేసిన పాత ప్లేయర్లన్నీ అరలో పేర్చుకున్నాడు. మీ ఇంట్లో ఏ రకం ఉందని అడిగి, అదే దించి, వీధివైపు తిరిగి ఉన్న టీవీకి తగిలించి, మొదటినుంచి చివరిదాకా ఆడిస్తాడు. చిన్న గరగర ఉన్నా తెలియాలని సౌండు నిండుగా పెడతాడు. ఎవరి పెళ్లిలో ఎవరు అలిగారో వీధి మొత్తానికి అలాగే తెలిసిపోయేది.

ఆ మధ్యాహ్నం వచ్చినామె భర్త అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనివాడు. షెడ్డుకు నిప్పంటుకున్నప్పుడు తోటివాళ్లతో పాటు లోపలే ఉండిపోయాడు.

"అన్నా, బొమ్మ వస్తోంది గానీ గొంతు రావట్లేదు" అంటూ పెన్‌డ్రైవ్ బల్లమీద పెట్టింది.

"ఇంకో కాపీ ఉందామ్మా?"

"లేదన్నా. బయట నిలబడి తీసినాయన ఇది నాకిచ్చాక, ఆయన దగ్గర ఫోను లాక్కున్నారట. ఆయన ఇప్పుడెక్కడున్నాడో కూడా తెలీదు." పెన్‌డ్రైవ్‌ను అతనివైపు జరిపింది. "ఫ్యాక్టరీవాళ్లు చెప్పేదేంటంటే, తలుపు తీసే ఉందంట, మావాళ్లే బయటికి రాలేదంట. ఎవరి తప్పూ లేదని, పోయినవాళ్ల ఇళ్లలో మా అందరిచేతా సంతకాలు పెట్టించుకుంటారంట. రేపు అందరం మా ఇంట్లోనే కూర్చుంటున్నాం. సంతకం పెట్టేముందు మిగతా ఇళ్లవాళ్లు ఒక్కసారి వినాలన్నా. విన్నాక వాళ్లిష్టం."

"సాయంత్రం రా తల్లీ."

పెద్ద చిక్కేం కాదు. ఆ ఫోన్ శబ్దాన్ని దాచే పద్ధతి ఆమె ఇంటి ప్లేయర్‌కు తెలియదు, అంతే. శబ్దాన్ని విప్పి, దానికి తెలిసిన పద్ధతిలో మళ్లీ అతికాడు. చెయ్యి అలవాటుగా అరలోంచి ప్లేయర్ దించింది. అలవాటుగానే సౌండు పెంచింది.

తెరమీద మూసిన ఇనుప తలుపు. కింది సందులోంచి పొగ. అప్పుడు మొదలైంది చప్పుడు. లోపలినుంచి బాదుతున్నారు. "తియ్యండి! ఒరేయ్, తియ్యండిరా!" ఫోనుకు దగ్గరగా ఇంకో గొంతు, తొందర లేకుండా: "తాళం ముట్టుకోకు. సారు రావాలి. సందు దొరికితే సరుకు మోసుకుపోతారు."

పనిచేసేవాళ్లను దొంగల లెక్కన చూసే తాళాలు ఎన్ని చోట్ల లేవు? మంట రాకముందే మనిషిని మనిషి కాకుండా చేసేది అవే.

కుట్టు మిషను ఆగిపోయింది. బాదుడు ఒక్కొక్కటే తగ్గి, ఆగేదాకా మిక్సీ వీడియోను ఆపలేదు. తలెత్తి చూస్తే వీధిలో జనం. అతను చూడగానే ఎవరి దారిన వాళ్లు కదిలారు. ఒకడు మాత్రం ఫోను చెవికి ఆనించుకుని గబగబా నడిచాడు.

"నీ పరీక్ష తగలెయ్య! ఇదొక్కటైనా చెవుల్లో పెట్టుకుని వినకూడదూ!" అంది భార్య.

సాయంత్రం పెన్‌డ్రైవ్ ఇచ్చినామె కంటే ముందు ఇంకొకడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, ఫ్యాక్టరీ బిళ్ల. స్టూలు లాక్కుని గుమ్మంలోనే కూర్చున్నాడు.

"అన్ని ఫైళ్లూ బాగవ్వవు కదండీ. గొంతు రాలేదని చెప్పండి, సరిపోతుంది."

మిక్సీ గుర్తుపట్టాడు. ఆ తొందరలేని గొంతు ఇందాక వీడియోలో విన్నదే.

"అమ్మగారూ, ఇంత గుడ్డ పోగేసుకున్నారు. నిప్పుతో జాగ్రత్తండీ" అన్నాడతను, నవ్వుతూనే.

పెన్‌డ్రైవ్ లాక్కోవడం ఆ మనిషికో పని కాదు. కానీ లాక్కుంటే అందులో ఏదో ఉందని ఊరంతా అంటుంది. మిక్సీ నోటితో రాలేదని అంటే మాత్రం ఇక ఎవరూ అడగరు. పని చెడితే చెడిందని చెప్పే మనిషని అతనికున్న పేరు అలాంటిది.

ఇంతలో పెన్‌డ్రైవ్ కోసం ఆమె వచ్చింది. స్టూలు మీదున్న మనిషిని చూసి మెట్టు దగ్గరే ఆగిపోయింది.

"అన్నా... ఆయన గొంతు వచ్చిందా?"

మిక్సీ భార్యవైపు చూశాడు. ఆమె గుడ్డలకేసి చూసింది, తర్వాత అతనికేసి. వద్దని అనలేదు.

"వచ్చిందమ్మా" అన్నాడు. "అందరి గొంతులూ వచ్చాయి. బయట ఉన్నవాళ్లవి కూడా."

పెన్‌డ్రైవ్ ఆమె చేతిలో పెట్టి గుప్పిట మూశాడు. గుమ్మంలోని మనిషి పక్కకు జరగలేదు. భార్య లేచి వచ్చి ఆమె భుజం పట్టుకుంది. "జరగండి బాబూ, ఆడవాళ్లం వెళ్లాలి" అంది, వీధంతా వినేలా. ఎదురు కొట్లలో తలలు ఇటు తిరిగాయి. అతను తీరిగ్గా లేచి, స్టూలు మెట్టుకింద పెట్టి దారి ఇచ్చాడు.

షట్టరు దించి ముగ్గురూ కలిసే బయల్దేరారు.

"వెనక్కి చూడకు" అంది భార్య. మిక్సీ చూడలేదు. స్టూలు మళ్లీ మెట్టెక్కిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత, మూసిన షట్టరు మీద ఎవరో వేళ్లతో మెల్లగా తాళం వేస్తున్న చప్పుడు.