మా ఇంటి ఆటోమేటిక్

మా చిన్నప్పుడు... నాంపల్లి స్టేషను వెనక సందులో ఒకే వాకిలికి రెండు వాటాలు. ఒకదాంట్లో యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డాక నాన్న ఉద్యోగం కోసం తెనాలి నుంచి వచ్చిన మేము. ఎదురు వాటాలో యాదగిరి మామ. ఒకప్పుడు ఫౌజులో సిపాయి... అప్పటికి ఆబిడ్స్‌లో ఓ బ్యాంకు ముందు తుపాకీతో కాపలా.

నేను తొమ్మిదో తరగతి. బళ్ళో కేడెట్లలో చేరాను. రైఫిళ్ళ గురించి అడిగింది సరిగ్గా చెప్పినవాళ్ళకే ఐదు గుళ్ళు కాల్చే అవకాశం. ఆ ఐదు గుళ్ళ కోసం నాకు అన్నం సయించేది కాదు! కానీ సెమీ ఆటోమేటిక్‌కీ ఆటోమేటిక్‌కీ తేడా ఎంత బట్టీ పట్టినా బుర్రకెక్కదే...

వెళ్ళి మామ దగ్గర మొరపెట్టుకున్నాను. ఆయన బీడీ ఆర్పి, మా వాటా వైపు చూశాడు.

"గిందుల ఏమున్నది బిడ్డా? మూడు రకాలు మీ ఇంట్లనే ఉన్నయి గద! మీ నాయిన పాత త్రీ నాట్ త్రీ రైఫిలు. ప్రతిసారి బోల్టు గుంజాలె, గప్పుడు ఒక్క మాట వస్తది. మీ అమ్మ సెమీ. బోల్టు గుంజే పని లేదు, నొక్కినప్పుడల్లా ఒక్కటే గుండు. ఇగ మీ నాయనమ్మ ఉన్నది సూడు... ఒక్కసారి నొక్కి పట్టుకుంటే చాలు, మ్యాగజైన్ల గుండ్లన్నీ అయిపోయేదాంక ఆగదు!"

పరీక్ష రోజు మాకు శిక్షణ ఇచ్చే హవల్దారు గారు సరిగ్గా అదే అడిగారు. కంగారులో నోరు జారింది... "ఆటోమేటిక్ అంటే మా నాయనమ్మ సార్!"

క్లాసంతా గొల్లున నవ్వారు. ఆయన మీసాల చాటున నవ్వుకుని, "మరి సెమీ?" అన్నారు. ఇంట్లోవాళ్ళందరినీ వరసగా అప్పజెప్పాను. ఐదు గుళ్ళూ దక్కాయి!

నాకంటే ముందే ఆ కబురు ఇంటికి చేరింది, మా క్లాసులోనే ఉన్న పక్కింటి సరోజ పుణ్యమా అని. నాయనమ్మ వత్తులు చేసుకుంటూ గోడకేసి తిరిగి కూర్చుంది. సాయంత్రమంతా ఒక్క మాట లేదు... ఇల్లు బావురుమంది. నాన్న తనంతట తానే "ఏమైంది?" అన్నారంటే చూడండి! నాకు ఏడుపొచ్చింది. ఆ ఐదు గుళ్ళూ ఎవరికైనా ఇచ్చేద్దామనిపించింది.

చివరికి పక్కన చేరి మెల్లగా అడిగాను... "నాయనమ్మా, నీ ఆడపడుచు పెళ్ళిలో పెరుగు చాల్లేదట కదా?"

"ఎవరే ఆ మాటన్నది? పాతిక కుండల పెరుగు నా చేత్తో తోడుపెట్టానే! ఆ వియ్యపురాలున్నదే..."

అంతే! వంటింట్లో అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎదురు వాటాలోంచి మామ గొంతు... "షురూ అయింది!"

తర్వాత నేను కాల్చిన ఐదు గుళ్ళలో ఒక్కటీ గురికి తగల్లేదు. ఆ సాయంత్రం పెరుగు గురించి వేసింది మాత్రం సూటిగా తగిలింది.

నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మా ఇంట్లో అందరూ త్రీ నాట్ త్రీలే... ఫోన్లలో తలలు దూర్చేసి, ఒక్కో మాటకీ బోల్టు గుంజాలి. పెరుగు సంగతి ఎత్తినా పేలేవాళ్ళు లేరు.

మీ ఇంట్లో ఆటోమేటిక్ ఎవరండీ? ఇంకా ఉన్నారా...? అయితే ఇవాళే పక్కన కూర్చుని ఓ మాట కదపండి.