బడి వెనక వేపచెట్టు

జెద్దాలో, షరఫియా పేట దగ్గరి ఒక ఇండియన్ స్కూల్లో ఎల్‌కేజీ పిల్లలకు ఫక్రున్నీసా టీచరు. సొంతూరు ప్రొద్దుటూరు. భర్త దిలావర్ మదీనాలో యాత్రికుల బస్సు నడుపుతాడు, ఎప్పుడో గానీ ఇంటికి రాడు. పుట్టింట్లో ఉర్దూయే అయినా, చిన్నప్పుడు వీధిలో ఆడిందీ పోట్లాడిందీ తెలుగులోనే. ఇక్కడ ఆ భాషతో ఎవరికీ పని పడలేదు.

ఆ చలికాలం మొక్కల పాఠం వచ్చింది. బొమ్మ చూపించి వేరు, కాండం, ఆకు అని వల్లె వేయించడానికి ఆమెకు మనసొప్పలేదు. పిల్లల్ని బడి వెనక్కి తీసుకెళ్లింది. అక్కడొక వేపచెట్టు, ఏసీ నీళ్లు కారేచోట కాస్త గడ్డి ఉన్నాయి. మట్టిని చూసి పిల్లలు వెనక్కి జరిగారు.

“డర్టీ, మిస్,” అన్నాడొకడు.

ఆమె నేలమీద చతికిలబడి, ఒక గడ్డిమొక్కను వేర్లతో సహా పెరికి, మట్టి దులపకుండానే వాడి అరచేతిలో పెట్టింది. పక్కపిల్ల చేయి చాచింది. తర్వాత అందరూ చాచారు.

సృజన మాత్రం చాచలేదు. బడిలో చేరినప్పటి నుంచీ ఆ పిల్ల నోరు విప్పింది లేదు. రాలిన వేపరెమ్మ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

“యాపాకు,” అంది మెల్లగా. “నాకు తల్లి పోసినప్పుడు మా బాపమ్మ మంచం మీద పరిచింది.”

ఫక్రున్నీసా ఆ పిల్ల వైపు జరిగింది. “నాకూ పరిచినారు మా,” అంది. “దురద పెడితే దాంతోనే రాసుకుంటాంటి.”

“మీకు తెలుగొస్తదా టీచర్?”

ఆ తర్వాత పెసలు నాటారు. మొలిచాయో లేదోనని పిల్లలు రోజూ తవ్వి చూసేవాళ్లు. ఆమె వద్దనలేదు. వాళ్ల చేతికి చిక్కకుండా మిగిలినవి కొన్ని మొలిచాయి. సృజన ఆమె పక్కనే చేరి, బాపమ్మ పెంచే బీరతీగ గురించి, దాన్ని పొడిచే కోళ్ల గురించి తెరిపి లేకుండా చెప్పేది.

మార్చిలో సృజన తండ్రి పనిచేసే కంపెనీ మూతపడింది. ఫైనల్ ఎగ్జిట్, ఇక తిరిగి రాకుండా ఊరికి వెళ్లిపోవడమే. చివరిరోజు పాపను తీసుకెళ్లడానికి తల్లి శ్రీలత వచ్చింది.

“ఇంట్ల గూడ మీ ముచ్చటే మేడమ్,” అంది.

“మీరెప్పుడు పోతరు టీచర్, మీ ఊరికి?” అని అడిగింది సృజన.

“చూడాల మా.”

ఆ సాయంత్రం దిలావర్‌కు ఫోన్ చేసి తెలుగులో మాట కలిపింది. “ఏమైంది నీకు? బస్సు నిండా జనం, మళ్లీ చేస్తా,” అని అతను ఉర్దూలో అన్నాడు. మళ్లీ చేయలేదు.

మర్నాడు పిల్లలు ఆమెకంటే ముందే బడి వెనక తలుపు దగ్గర నిలబడ్డారు. తీయగానే పరుగెత్తి మట్టిలో చతికిలబడ్డారు. ఒక పాప మొలకను పీకి తెచ్చి ఆమె ముఖానికెదురుగా పట్టుకుంది.

“వెరీ గుడ్,” అంది ఫక్రున్నీసా.