మోగిన ఫోనూ, సిలాసు గారూ

సిలాసు గారికి ఉన్నది ఒకటే జబ్బు. ఎక్కడ ఫోన్ మోగినా ఎత్తకుండా ఉండలేరు. అది ఎవరి ఫోనన్నది ఆయనకు అనవసరం. మోగిందంటే అవతల ఎవరో ఎదురు చూస్తున్నట్టు. ఎదురు చూస్తున్నారంటే ఎత్తాల్సిందే. మెట్రోలో పక్కసీటువాడు నిద్రపోతుంటే, వాడి జేబులో మోగినా ఆయన చెయ్యి అటే వెళ్తుంది. ఒకసారి వెళ్లింది కూడా. పోలీస్ స్టేషన్లో సంజాయిషీ చెప్పి ఆయన్ని విడిపించుకొచ్చింది నేనే.

మన ప్రాంతం నుంచి వచ్చిన ఒక మంత్రి ఢిల్లీలో ప్రెస్‌మీట్ పెట్టారు. మంత్రి గారు పథకం గురించి చెబుతుండగా బల్లమీదున్న ఆయన సెల్ మోగింది. ఆయన పట్టించుకోలేదు. అది ఆగి మళ్లీ మోగింది. ఎక్కడో వెనక వరసలో ఉన్న సిలాసు గారు జనాన్ని తోసుకుంటూ వెళ్లి ఎత్తేశారు.

"సారు మీటింగులో ఉన్నారమ్మా. ఆఁ చెప్పండి... మెరూన్ రంగా? చేతులున్నదా, లేనిదా? అట్టాగే."

ఫోన్ పెట్టేసి, మైకుల సందులోంచి వంగి, "సార్, అమ్మగారికి స్వెటరు మెరూన్ రంగుదే కావాలంట. చేతులున్నది" అన్నారు.

ఆ రోజు ప్రకటించిన పథకం ఏమిటో మాలో ఎవరికీ గుర్తులేదు. స్వెటరు మాత్రం అందరికీ గుర్తుంది.

మాది ఢిల్లీ చుట్టుపక్కల తెలుగువాళ్ల కోసం నడిచే చిన్న చానెల్. నోయిడాలో ఒక ఫర్నిచర్ షోరూం పైన ఆఫీసు. సాయంత్రం ఆరింటికి అరగంట వార్తలు. ఏ వార్తకు ఎవరిని పంపాలో తేల్చేది సిలాసు గారు, చదివేది వర్షిణి, కత్తిరించి అతికించేది నేను. జగిత్యాలలో పెళ్లి వీడియోలు కోస్తూ పని నేర్చుకున్నవాణ్ని. అక్కడ ఒక కట్ తప్పుగా పడితే పెళ్లికూతురి మేనమామ ఇంటికొచ్చి తిట్టేవాడు. ఇక్కడ తిట్టడానికి కూడా ఎవరూ రారు.

న్యూస్‌రూం అంటే ఒకటే సందడి అనుకుంటారు బయటివాళ్లు. మా దగ్గర ఎవరి చెవులకు వాళ్ల హెడ్‌ఫోన్లు ఉంటాయి. పక్క కుర్చీవాడికి చెప్పాల్సింది కూడా టైపు చేసి పంపుతాం. నా ఎడిటింగ్ గదిలో పొద్దున్నించి సాయంత్రం దాకా వందల మొహాలు చూస్తాను. వాటిలో ఒక్కటీ నన్ను చూడదు. పని అయ్యాక సాకేత్‌లో ఒంటి గది. పలకరించేది లిఫ్టు ఒక్కటే, అదీ హిందీలో.

ఇంత నిశ్శబ్దంలోనూ గొంతెత్తి మాట్లాడేది సిలాసు గారొక్కరే. ఆయన బల్లమీద ఒక పాత ల్యాండ్‌లైన్ ఉంది. వార్తలు వస్తున్నప్పుడు తెర అడుగున ఆ నంబరే పరుగెడుతుంది. దానికీ, దగ్గరలోని ఒక గ్యాస్ ఏజెన్సీ నంబరుకూ చివరి అంకె ఒక్కటే తేడా. ఇంకెవరైనా అయితే "రాంగ్ నంబర్" అని పెట్టేస్తారు. సిలాసు గారు సిలిండర్ బుకింగులు తీసుకునేవారు. కాగితం దొరక్కపోతే కన్స్యూమర్ నంబర్లు అరచేతిమీదే రాసుకునేవారు. తర్వాత ఏజెన్సీకి తనే ఫోన్ చేసి బుక్ చేసేవారు.

"గ్యాసు మనకెందుకు సార్?" అన్నాను ఒకసారి.

"ఆవిడ ఇంట్లో పొయ్యి ఆగిపోయిందటయ్యా దశరథూ. అంతకంటే పెద్ద వార్త నీ దగ్గరేవుంది చెప్పు ఇవాళ?"

చూస్తే, ఆ రోజు మా మొదటి వార్త ఒక పార్కు గేటుకు రంగు వేయడం.

ముఖర్జీనగర్‌లో గది తీసుకుని సివిల్స్ చదువుకునే సాయిప్రకాష్ అని ఒక కుర్రాడు, చలికాలమంతా ఫోన్ చేసి రేపు చలెంతని అడిగేవాడు.

"ఆని చేతుల ఉన్న ఫోన్లనే ఉంటది గద సార్ అది?" అన్నాను.

"ఉంటుంది. చలెంతో అది చెప్తుందయ్యా. స్వెటరు వేసుకున్నావా అని అడగదు."

అలాగని వార్తల విషయంలో ఆయన మెతక మనిషేం కాదు. ఇద్దరు సోర్సులు చెబితేనేగానీ ఏ వార్తా బయటికి వదలరు. "ఒకడు చెప్తే కబురు, ఇద్దరు చెప్తే వార్త" అనేవారు. వర్షిణి ఒకసారి ఆవలిస్తూ బయట వాన పడుతోందంటే, ధ్రువీకరణ కోసం నన్ను కిటికీ దగ్గరికి పంపారు.

ఇక నాలుగింటి ఫోన్ ఉంది. రోజూ నాలుగింటికి ల్యాండ్‌లైన్ మోగేది. సిలాసు గారు గొంతు తగ్గించి మాట్లాడేది అప్పుడొక్కసారే. ఇటువైపు మాట మాత్రం మాకు వినపడేది.

"ఆఁ, వచ్చారమ్మా. నీలం చొక్కా. ఇస్త్రీ ఉంది... తిన్నారు గానీ సగం వదిలేశారు. దగ్గు తగ్గింది. ఆఁ, పొద్దున ఒకసారి నవ్వారంట. లేదమ్మా, నేను చూళ్లేదు, ఇద్దరు చెప్పారు."

ఇది ఏదో పెళ్లి సంబంధానికి ఎంక్వయిరీ అని నేను తేల్చేశాను. యజమాని మామీద పెట్టిన నిఘా అని వర్షిణి అనుమానం.

"అంకుల్, ప్లీజ్. అబ్బాయి ఎవరో చెప్పండి. నేనెవరికీ చెప్పను" అని బతిమాలింది.

"సోర్సు సంగతి బయటపెట్టకూడదమ్మా. ఉద్యోగంలో చేరిన రోజునే చెప్పానా లేదా?"

ఆరు నెలల కిందట మాకు కొత్త బాస్ వచ్చారు. రఘువీర్ సార్. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన తెలుగాయన. గుర్గావ్‌లో ఉంటారు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబులో మాత్రం హిందీ, ఇంగ్లీషు కలిసిపోతాయి. మనిషి చెడ్డవాడు కాదు. చేతిలో ఎప్పుడూ మూడు పనులు, ఎదురుగా నాలుగోది. భోజనం సగంలో వదిలేసి లేచిపోయే రకం.

ఆ వివరం దగ్గర మేం ఆగి ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించలేదు.

ఒక రోజు మధ్యాహ్నం అందరినీ అద్దాల గదిలో కూర్చోబెట్టారు.

"సిలాస్ జీ, ఇస్ జమానే మే ల్యాండ్‌లైన్‌కి ఫోన్ కౌన్ కర్తా హై? నెక్స్ట్ వీక్ సే రికార్డెడ్ వాయిస్. వార్తలకి ఒకటి నొక్కండి, యాడ్స్‌కి రెండు నొక్కండి. బస్. తర్వాత మీ డెస్క్ గురించి భీ సోచ్‌నా పడేగా."

సిలాసు గారు మెల్లగా అడిగారు. "ఊరికే మాట్లాడదామనుకున్నోళ్లు ఏది నొక్కాలి సార్?"

"క్యా మాట్లాడాలి?"

"ఏదో ఒకటి."

"ఉస్‌కే లియే కోయీ నంబర్ నహీ హై."

దానికి నంబరే లేదట. ఆ ఫోన్ పోతే సిలాసు గారి కుర్చీ కూడా పోతుందని మాకు అర్థమైంది. ఆయన తల వంచుకుని అరచేతిమీది గ్యాస్ నంబర్లు చూసుకుంటున్నారు.

సరిగ్గా అప్పుడు, నాలుగింటికి, అద్దం అవతల ల్యాండ్‌లైన్ మోగింది.

సిలాసు గారు లేచారు. "బైఠియే, సిలాస్ జీ. మీటింగ్ చల్ రహీ హై" అన్నారు రఘువీర్ సార్. సిలాసు గారు కూర్చున్నారు. అది మోగుతూనే ఉంది. ఆయన కుర్చీ అంచు దాకా జరిగారు. కళ్లెదుట ఎవరినో నీళ్లలో ముంచుతున్నట్టు చూస్తున్నారు అద్దంలోంచి. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. మళ్లీ ఆగింది.

వెంటనే బల్లమీదున్న రఘువీర్ సార్ సెల్ మోగింది. తెరమీద 'మమ్మీ'. ఆయన కట్ చేశారు. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశారు. మూడోసారి ఆయన వేలు దాన్ని చేరేలోపే సిలాసు గారి చెయ్యి చేరిపోయింది.

"చెప్పండమ్మా."

అవతల గొంతుకు స్పీకరు అక్కర్లేదు. జీవితమంతా బళ్లో తెలుగు పాఠాలు చెప్పిన గొంతు.

"సిలాసు గారా! బతికే ఉన్నారా? అక్కడ రెండుసార్లు చేస్తే ఎత్తలేదు. మోగిన ఫోన్ ఎత్తకపోతే ఈ మనిషికేదో అయిపోయిందని హడలి, కనుక్కుందామని మావాడికి చేశాను. వాడెటూ ఎత్తడు. ఇంతకీ వాడి ఫోన్ మీ చేతిలోకి ఎట్లా వచ్చింది? వాడు తిన్నాడా?"

సిలాసు గారు మా బాసును పైనుంచి కిందికి చూశారు.

"తెల్ల చొక్కా అమ్మా. సగం వదిలేశారు" అన్నారు. అలవాటైన నోరు కదా.

వర్షిణి బల్ల కిందికి వంగి నవ్వుకుంది. రఘువీర్ సార్ ఫోన్ లాక్కుని, చిన్నపిల్లాడిలా, "మమ్మీ! ఆప్ ఇన్‌కో కైసే..." అన్నారు. తర్వాత, మాకెవరికీ ఇంతకుముందు వినపడని అచ్చ తెలుగులో, "నన్నే అడగొచ్చు కదా?" అన్నారు.

"అడిగితే ఏం చెప్తావురా? 'ఐ యామ్ ఫైన్.' నీ గురించి నువ్వు చెప్పుకునేది ప్రకటన. వార్త కావాలంటే వార్తల ఆఫీసుకే కదా ఫోన్ చెయ్యాలి!"

మా అందరికీ కథ తర్వాత తెలిసింది. రఘువీర్ సార్ వాళ్లమ్మ సరోజ గారు ఢిల్లీలోనే ద్వారకలో ఒక్కరే ఉంటారు. మొదట్లో వర్షిణి చదవడంలో తప్పులు చెప్పడానికి ఫోన్ చేసేవారు. కొడుకు ఇక్కడ చేరాక, కొడుకు సంగతులు చెప్పమన్నారు. "మీరు నాకు ఎందుకు చెప్పలేదు?" అని రఘువీర్ సార్ తెలుగులోనే అడిగారు.

"చెప్తే మీరు మొహమాటానికి రోజూ చేస్తారు సార్. అట్టాంటి ఫోన్ ఆవిడకి అక్కర్లేదంట" అన్నారు సిలాసు గారు.

ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అన్న మాట మళ్లీ మా ఆఫీసులో వినపడలేదు.

పోయిన నెల సిలాసు గారు చర్చి సభలని సొంతూరు రేపల్లె వెళ్లారు. ఆయన లేని మొదటి రోజు ల్యాండ్‌లైన్ మోగింది. మేం హెడ్‌ఫోన్లు తీసి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అద్దాల గది తలుపు తెరుచుకుంది. రఘువీర్ సార్ దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చి ఎత్తారు.

"హాఁ ఆంటీ... సిలిండర్? నహీ, యే తో న్యూస్..." అవతలావిడ ఏమందో తెలియదు. "అచ్ఛా, అచ్ఛా, ఠీక్ హై. నంబర్ చెప్పండి." కాగితం కోసం చుట్టూ చూశారు. దొరకలేదు. అరచెయ్యి చాపి రాసుకున్నారు.

ఫోన్ పెట్టారో లేదో మళ్లీ మోగింది. "యే ఆప్ లో, దశరథ్" అని నాకిచ్చి ఆయన గ్యాస్ ఏజెన్సీ నంబరు వెతుక్కుంటూ వెళ్లారు.

"హమ్మయ్య, ఎత్తారు" అంది అవతలి గొంతు. సిలాసు గారు. "సరోజ గారు నా సెల్లుకి చేస్తున్నారయ్యా. ఇవాళ చొక్కా ఏంటి?"

"గళ్ల చొక్కా సార్. అన్నం మొత్తం తిన్నడు."

"మొత్తమా? ఇంకెవరైనా చూశారా?"

"వర్షిణి చూసింది."

"అయితే వార్తే." వెనక ఎక్కడో పాటలు వినపడుతున్నాయి. "మరి నువ్వు? తిన్నావా?"

ఎడిటింగ్ బల్లమీద నా డబ్బా మూత తియ్యకుండా అలాగే ఉంది. "తిన్న సార్" అన్నాను.

"వర్షిణి అట్టా చెప్పలేదే."

తలెత్తి చూశాను. వర్షిణి హెడ్‌ఫోన్లు పెట్టేసుకుని, స్క్రిప్టులో తలదూర్చి, ఏమీ ఎరగనట్టు పేజీ తిప్పింది.