మెచ్చుకున్న కుర్చీ

దోహాలో ఉన్న ఆ వారంలో నేను నిజంగా భయపడింది ఒక కుర్చీ దగ్గరే. కుర్చీలకు పాలిష్ పట్టే నా మిత్రుడు, నిజామాబాద్ సలీం, ముఐథర్‌లో ఒక ముసలి ఖతరీ ఇంటికి పనికెళ్తూ నన్నూ తీసుకెళ్ళాడు.

హాల్లో పాతకాలపు అమెరికన్ మహాగని కుర్చీ ఉంది. దాని కాళ్ళు కత్తుల్లా వంపు తిరిగి ఉన్నాయి. దాని కథ ఆ పెద్దాయనే హిందీలో చెప్పాడు. దుఖాన్ చమురు బావుల దగ్గర పనిచేసిన ఒక అమెరికన్ ఇంజనీరు దాన్ని తన తాతగారి ఇంటినుంచి తెచ్చుకున్నాడట. ఈయన తండ్రి అక్కడ డ్రైవరు. ఒకరోజు "ఎంత బాగుందో" అన్నాడట. అతిథి మెచ్చుకున్న వస్తువును ఇచ్చెయ్యాలనే ఇక్కడి మర్యాద తెలిసిన ఇంజనీరు మర్నాడే కుర్చీని ఆయన బండెక్కించాడట.

అంతా విని కూడా, దాన్ని చేత్తో నిమురుతూ "చాలా బాగుంది" అనేశాను.

పెద్దాయన ముఖం పాలిపోయింది. కుర్చీ వీపు గట్టిగా పట్టుకుని, "ఖలాస్, తీసుకో. ఇక నీదే" అన్నాడు.

సలీం నా చెవి దగ్గరికి వచ్చాడు. "గట్లెందుకన్నవన్నా! ఈయన కొడుకులొస్తే నేనే నీతోని అడిగిపిచ్చిన అంటరు. నా పని పోతది. మాషాల్లా అను, అడిగినట్టు గాదు. జల్ది!"

వద్దంటే ఆయనకు అవమానం, తీసుకుంటే సలీం పొట్ట మీద దెబ్బ.

"మాషాల్లా, బాబా. దీనికి మీ ఇల్లే అందం" అన్నాను.

ఆయన "అల్లా నిన్ను చల్లగా చూడాలి" అంటూ నాకు గావా కాఫీ పోయబోయాడు. పోయలేకపోయాడు. ఆయన రెండో చెయ్యి ఇంకా కుర్చీ వీపును వదల్లేదు.